సైరన్ మూగబోయిన వారం

“‘ఆ’ అనండి,” అన్నాడు డాక్టరు.

అందరూ సైరన్ అని పిలిచే ఆయన ‘ఆ’ అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న రోగులు ముగ్గురు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

“చాలు, చాలు!” డాక్టరు ఒక చెవి మూసుకున్నాడు. “గొంతు ఇంత బొంగురుపోయిందేమిటి? ఏం పని చేస్తుంటారు?”

“బస్సు డిపోలో మెకానిక్‌నండీ. ఇంజన్ల మోత మీద అరవక తప్పదు కదండీ.”

అది సగం నిజమే. మిగతా సగం ఫుట్‌బాల్. డిపో జట్టుకి ఆయన కెప్టెన్. సైరన్ అన్న పేరు అక్కడ వచ్చిందే. ఆ సంగతి కూడా డాక్టరుకి చెబుదామనుకుంటే, వెంట వచ్చిన బావమరిది మెట్ల దగ్గరే ఆపేశాడు. “ఆట ఊసెత్తకు బావా. మొత్తానికే మానెయ్యమంటాడు.”

“చేతులకి కాయలు కాసినట్టు మీ స్వరతంత్రులకి కాయలు కాశాయి,” అన్నాడు డాక్టరు. “వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలూ పనికిరావు. కాదూ కూడదంటే ఆపరేషనే. వారం పోయాక వచ్చి కనపడండి.”

ఆదివారమే ఫైర్ స్టేషన్ జట్టుతో సెమీఫైనల్. డిపో జట్టు అంతదూరం రావడమే ఒక వింత. కిందటి ఆటకి ఎదుటి జట్టు వస్తున్న బస్సు దారిలో చెడిపోయింది కాబట్టి వచ్చింది. ఆ బస్సూ ఈ డిపోదే. ఈసారి కప్పు తేకపోతే మైదానం నిండా తుక్కు బస్సులు పెట్టిస్తానని మేనేజరు తెగేసి చెప్పాడు. ఇలాంటి సమయంలో కెప్టెన్ నోరు మూసుకోవడమా? పదకొండు జతల కాళ్లకి ఒకే నోరుండాలన్నది సైరన్ సిద్ధాంతం. ఆ నోటితో పడలేక చస్తున్నామన్నది జట్టు అనుభవం.

ఇంటికి రాగానే భార్య పలకా బలపం తెచ్చి చేతికిచ్చింది. మర్నాటికి బలపం దాచేసింది.

కెప్టెన్సీ వదులుకుంటానని సైరన్ సైగ చేశాడు. బావమరిది ఒప్పుకోలేదు. “నోరు పోతే పోయింది బావా, కాళ్లున్నాయిగా! కెప్టెన్ పట్టీ నీ చేతికే ఉంటుంది.”

ఆదివారం ఆట మొదలైంది. సైరన్ వెనక వరసలో నిలబడి నోరు తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. గోల్‌లో ఉన్న బావమరిది ఆ నోటినే కనిపెట్టి చూస్తున్నాడు. ముందు వరసలో ఆడే డిపో డ్రైవరుకి బంతి అందింది. అలవాటు కొద్దీ ఆగి, తిట్లు ఏ వైపు నుంచి వస్తాయా అని వెనక్కి చూశాడు. ఆ చూపులోనే బంతి పోయింది, గోలూ పడింది.

డ్రైవరు మళ్లీ వెనక్కి చూశాడు. సైరన్‌కి తిట్టే వీలు లేదు. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ చాపి, ‘నీ ఇష్టం’ అన్నట్టు ఊపాడు.

అప్పుడు ఎవరిదో గొంతు వినిపించింది. “ఎడమ పక్క ఖాళీ! అటు కొట్టు!”

సైరన్ తిరిగి చూశాడు. టికెట్ల కౌంటరు గుమస్తా! ఎన్నేళ్లుగానో పక్కనే ఆడుతున్నాడు, ఆయనకీ నోరుందని సైరన్‌కి ఇప్పుడే తెలిసింది. ఎడమ పక్క నిజంగానే ఖాళీగా ఉంది. బంతి అటు వెళ్లింది, అక్కణ్ణుంచి గోల్‌లోకి వెళ్లింది.

తర్వాత పెనాల్టీ దొరికింది. డ్రైవరు తన్నిన తన్నుకి బంతి గోలు మీదుగా ఎగిరి, వెనక నిలబెట్టిన ఫైరింజన్ మీద పడి గంట మోగించింది. మామూలుగా అయితే ఆ తప్పుకి డ్రైవరు మూడు తరాలకీ సరిపడా వినేవాడు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. సైరన్ గొంతు దాకా వచ్చిన తిట్టు మింగి, దగ్గరికి నడిచి, వీపు మీద రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు.

డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు. ఆట ముగియబోతుండగా ముగ్గుర్ని తప్పించుకుని వెళ్లి తనే గోలు కొట్టాడు.

జట్టంతా సైరన్‌ని ఎత్తి గాల్లోకి విసిరింది. పట్టుకుంది కూడా.

“కెప్టెన్ అంటే ఇలా ఉండాలన్నా!” అన్నాడు డ్రైవరు.

“అంతా నీ చలవే బావా,” అన్నాడు బావమరిది, ఎందుకో అటు తిరిగి.

ఆ రాత్రి సైరన్‌కి సంతోషం ఎంత ఉందో, లోపల గుచ్చుకున్నదీ అంతే ఉంది. ఇన్నేళ్లూ గెలిపిద్దామని అరిచాడు. వాళ్లేమో ఆ అరుపులకి జడిసి, కాళ్లు కట్టేసినట్టు ఆడారు. గొంతు బాగుపడ్డా ఇక సగమే మాట్లాడాలని గట్టిగా అనుకున్నాడు. ఆయన సగం అంటే మామూలు మనుషులు మాట్లాడేంత.

వారం పోయాక ఒక్కడే ఆసుపత్రికి వెళ్లాడు. కుర్చీలో కూర్చుని, చెప్పకముందే నోరు తెరిచాడు. డాక్టరు నవ్వి, మూసుకోమన్నాడు. లైటు వెయ్యలేదు, గొంతులోకి తొంగి చూడనూ లేదు. ఈ మౌనం ఇంకెన్నాళ్లని సైరన్ వేళ్లు చూపించి అడిగాడు.

“ఫైనల్ ఎప్పుడు?” అన్నాడు డాక్టరు.