నాలుగు గోల్స్, ఒక మీసం

“రేయ్ పోలేరయ్యా! గోలు గాలికొదిలేసి ఆ చొక్కా తొడుక్కోడం ఏందిరా? పెళ్ళికి పోతా వుండావా?”

నరసయ్య కేకకి మైపాడు ఒడ్డున కాకులు ఎగిరిపోయి సరుగుడు తోపులో వాలాయి. గోల్‌కీపరు పోలేరయ్య మాత్రం నింపాదిగా గుండీలు పెట్టుకుంటున్నాడు.

“గెలిచినాం గదా మామా,” అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు చూసేసరికి నరసయ్యకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

నాలుగు–సున్నా. ఏటవతలి పల్లెవాళ్ళ మీద తన పల్లె కుర్రాళ్ళు అంత ముందున్నారు. అసలు బంతిని కాలితో తన్నడం ఒక ఆటని ఈ ఇసుకలో మొదట చెప్పింది నరసయ్యే. మద్రాసు హార్బరులో మూటలు మోసే రోజుల్లో, ఆదివారాలు మైదానం గోడెక్కి కూచుని నేర్చుకున్న విద్య అది. తిరిగొచ్చేటప్పుడు ఒక తోలుబంతీ, నోటినిండా రూల్సూ వెంట తెచ్చుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. పొద్దున బావమరిది చెంచయ్య, ఏటవతలి పల్లెకి పెద్ద, ఏదో వెక్కిరించేసరికి నలుగురి ముందూ మీసం మీద చెయ్యేసి, “మావోళ్ళు ఓడితే ఇది తీయించేస్తా” అనేశాడు. అదేమీ ఆషామాషీ మీసం కాదు. పెళ్ళాం కామమ్మ తలకి లేకపోయినా దానికి మాత్రం రోజూ ఆముదం ఉండాల్సిందే. ముందు మీసం ఇంట్లోకొస్తుంది, ఆ వెనక మొగుడొస్తాడు అంటుంది కామమ్మ.

ఆ మీసాన్ని నమ్ముకున్న జట్టు ఇప్పుడిలా ఉంది. కెప్టెన్ ముత్యాలయ్య చతికిలబడి చెవిలో ఇసుక దులుపుకుంటున్నాడు. బ్యాకులిద్దరూ ఆరేసిన వల మడతపెట్టడానికి పోయారు. ఏటవతలి కుర్రాడొకడు బంతి తోసుకుంటూ వచ్చి, అడ్డం వచ్చేవాడు లేక అటూ ఇటూ చూసి, కాస్త సిగ్గుపడుతూనే గోల్లోకి నెట్టాడు.

“గోలేనా బావా?” చెంచయ్య అరిచి అడిగాడు.

నరసయ్య అబద్ధమాడడని రెండు పల్లెలకీ తెలుసు.

“గోలే!” అన్నాడు పళ్ళు నూరుతూ. “ముత్యాలూ! లెయ్యిరా!”

“మామా, ఒక్క మాట. నువ్వు—”

“నోరు ముయ్! లేచి ఆడు!”

ముత్యాలయ్య నోరు మూశాడు. జట్టంతా నరసయ్య పడవ మీద పనిచేసేవాళ్ళే. వల లాగేటప్పుడు పడవ పెద్ద నోరు ముయ్యమంటే, తిరిగి ఆయన తెరవమనేదాకా ఎవరూ తెరవకూడదు. తెరిస్తే చేప చెదిరిపోతుందని వాళ్ళ నమ్మకం. లెయ్యమన్నాడు కాబట్టి లేచాడు. ఎందుకు లేవాలో తెలియనివాడిలా లేచాడు.

రెండో గోలు పడింది. మూడోదీ పడింది.

“లెక్కలేనితనం బావా,” చెంచయ్య పక్కకొచ్చి జాలిపడ్డాడు. “నాలుగు పడేసరికి కళ్ళు నెత్తికెక్కినాయి. నువ్వు గాబట్టి ఊరుకుండావు. నేనైతేనా, ఒక్కొక్కడికీ తోలు వలిచేద్దును.”

“నేను మాత్రం ఊరుకుంటానా!”

లుంగీ ఎగ్గట్టి నరసయ్య గోలు దగ్గరికి ఉరికాడు. కుర్రాళ్ళందర్నీ చుట్టూ నిలబెట్టుకున్నాడు.

“వల ఒడ్డుకి రాకముందే తాడొదిలేస్తారంట్రా ఎవురన్నా? పడిన చేప పడినట్టే సముద్రంలోకి పోదా? మీకు బువ్వ పెట్టే పనిలో వుండే బుద్ధి ఆటలో యాడికి పోయిందిరా?”

కుర్రాళ్ళు చేతులు కట్టుకుని భక్తిగా విన్నారు. వాళ్ళు వింటుండగా వెనక నాలుగో గోలు పడింది.

“ఇదీ గోలేనా బావా?”

“గోలే!”

గట్టు మీద ఎండుచేపలు ఎత్తుకుంటున్న కామమ్మ తట్ట దించింది.

“ఇదిగో, దీపాలు పెట్టే యాళయింది. ఇంకా ఏందయ్యా ఆ కేకలు? ఇంటికి రా.”

“ఆట అయ్యేదాకా కదిలేది లే!”

“అదెప్పటికవుద్దో?”

“నన్నడుగుతావేందే? ఆ సోమరిపోతుల్ని అడుగు!”

కామమ్మ వాళ్ళ వైపు చూసింది. పోలేరయ్య నోరు తెరవబోయి, నరసయ్య కళ్ళు చూసి మళ్ళీ మూసుకున్నాడు. “వీడి మీసం తగలెయ్య” అనుకుంటూ ఆమె తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

పొద్దు పూర్తిగా కుంకింది. ఇసుకలో గీసిన గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. బంతి ఎక్కడుందో కళ్ళకి ఆనక ఎవరికి దొరికిన కాలు వాళ్ళు తన్నుకుంటున్నారు. ఎక్కడో ‘దబ్’మని చప్పుడైంది.

“చూడు బావా, గోలేనా?”

నరసయ్య తడుముకుంటూ గోల్లోకి వెళ్ళాడు. వంగి బంతిని చేత్తో తాకాడు. “గోలే” అన్న మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

నాలుగు–అయిదు.

“చాల్లే బావా, ఇంక ఆపేద్దాం,” చెంచయ్య గొంతులో తేనె కారింది. “తెల్లారేసరికి నీ మొహం కొత్త నయాపైసా మాదిరి మెరవాల.”

వాళ్ళు ఈలలేసుకుంటూ ఏటి వైపు వెళ్ళిపోయారు. నరసయ్య ఇసుకలో కూలబడ్డాడు. మీసాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డని నిమిరినట్టు నిమిరాడు.

“నాలుగు గోల్స్ ముందుండి ఓడిపోతారంట్రా? ఆట అయ్యేదాకా ఒళ్ళు దగ్గర పెట్టుకోలేకపోయినారా? చెప్పరా పోలేరయ్యా! ఇప్పుడు తెరువు నోరు!”

పోలేరయ్య ఇందాకటినుంచీ మింగుతున్న మాట కక్కేశాడు.

“ఆట టైము పొద్దుండంగానే ఐపోయింది మామా. మేం నాలుగు–సున్నా మీద వున్నప్పుడే.”

నరసయ్య ఎగిరి లేచాడు. మీసం మళ్ళీ నిక్కబొడుచుకుంది.

“ఐపోయిందా? మరి ఆ రిఫరీ ఎదవ ఏం చేస్తా వుండాడురా? విజిలు ఊదకుండా గాడిదలు కాస్తా వుండాడా? యాడుండాడు వాడు?”

కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“రిఫరీవి నువ్వే గదా మామా!”