నెత్తిమీద తెల్ల త్రికోణం

మధ్యాహ్నం మూడింటికి చెల్లెలు జానెడు యుద్ధ ట్యాంకు బొమ్మ మీద ఆఖరి ఆకుపచ్చ మరక వేసింది. ఐదింటికి పోటీ. అసలు ట్యాంకు ఫోటోలో ఎలా ఉందో బొమ్మ అచ్చం అలాగే ఉండాలి. ఆ ట్యాంకును ఒకప్పుడు నడిపిన అన్నయ్య ఆమె కుర్చీ వెనకే పచార్లు చేస్తున్నాడు.

"కాస్త కూర్చో అన్నయ్యా, టేబులు ఊగుతోంది. ఇంత చిన్న గదిలో పరేడ్ దేనికి?"

"దాని నెత్తిమీద తెల్ల త్రికోణం పెట్టవే."

"పొద్దున్నుంచీ అదే పాట. ఫోటోలో లేదుగా! మార్కులు కోస్తారు."

"కోస్తే కోయనీ. పెట్టు."

"మూడేళ్లుగా రెండో బహుమతితోనే సరిపెట్టుకుంటున్నా. ఈసారైనా నా నోట్లో మట్టి కొట్టకు."

అతను కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. టేబులు మీది ఫోటోను బోర్లించాడు.

"త్రికోణం ఉండేది. పైనుంచి మన విమానాలు మనల్ని గుర్తుపట్టడానికి. అది ఎండకి మెరుస్తోందని, శత్రువు కంట పడతామని, ఆ పొద్దున నేనే దాని మీద ఆకుపచ్చ పూసేశాను. చెట్లలో భలే కలిసిపోయిందన్నారు మావాళ్లు. ఒకడు గట్టెక్కి ఈ ఫోటో తీశాడు."

"తర్వాత?"

"కుంచె కడుక్కోడానికి నేను వాగులోకి దిగాను. నాతో ట్యాంకులో ఉండే ముగ్గురూ లోపల కూర్చున్నారు. వచ్చింది మన విమానమే."

చెల్లెలు తెల్లరంగు డబ్బా మూత తీసింది. త్రికోణం ఎంత పెద్దగా ఉండేదని మాత్రం అడిగింది.