గోరంత సందు కూడా లేకుండా

"కోసినాక మళ్లీ అతకదు. ఇంకోసారి ఆలోచించుకోమ్మా," అన్నాడు మెకానిక్ సమాధానం, కోత మిషను చేత్తో పట్టుకుని.

రోజారమణి ఆలోచించుకునే వచ్చింది. కోయమంది.

కావలిలో కార్లకు పాటల సెట్లు బిగించేవాళ్లు నలుగురున్నా, డ్యాష్‌బోర్డు పని అంటే అందరూ సమాధానం పేరే చెబుతారు. అలాంటివాడికే ఈ పని తలనొప్పిగా ఉంది. పదిహేనేళ్లనాటి కారు, అరచెయ్యంత కంత. అందులో మొన్నమొన్నటి మోడలు కారులోంచి ఊడదీసిన కంపెనీ సెట్టు కూర్చోవాలట. పిట్ట కొంచెం కూత ఘనం అవుతుందమ్మా నీ కారు, బజారులో దొరికే చిన్న సెట్టు పెట్టుకో, పది నిమిషాల పని అని చెప్పి చూశాడు. ఆమె వినలేదు. సెట్టు ముందుకు పొడుచుకు రాకూడదు, చుట్టూ సందు కనబడకూడదు, కారుతోపాటే పుట్టినట్టుండాలి. ఎందుకంటే ఆమె అత్త చెంచమ్మ ఆ కారులో పిన్నీసు మారినా ఒప్పుకోదు.

కారు మామ గంగాధరం కొన్నది. ఇప్పుడు రోజారమణే జువ్వలదిన్నె రేవులో చేపల పెట్టెలు వేసుకుని కావలి మార్కెట్టుకు తోలుతుంది. తిరిగొచ్చి రేవు పక్కన నిలిపిందంటే ఇక అది చెంచమ్మ సొత్తు. ముందు సీట్లో కూర్చుని రేడియో పెట్టుకుంటుంది. ఆ పాత రేడియోలో గరగర, మధ్యమధ్య చిటపట తప్ప ఒక్క స్టేషనూ రాదు. ఆ గరగరనే కళ్లు మూసుకుని గంటలకొద్దీ వింటుంది. మూడేళ్ల కిందట మామ సముద్రం మీద చనిపోయిన రోజు కూడా, ఆయన కోసం ఎదురుచూస్తూ ఆ రేడియో ముందే కూర్చునుందట. పాపం, ఆమె మనసు ఆ రోజు దగ్గరే ఆగిపోయిందని ఇంట్లోవాళ్లంతా అనుకున్నారు. అడిగి ఎందుకు బాధపెట్టడమని ఎవరూ అడగలేదు.

దిగులొక్కటే అయితే రోజారమణి సర్దుకునేదే. చిక్కల్లా ఫోనుతో వచ్చింది. అలా కూర్చుని వింటూ వింటూ, ఉన్నట్టుండి చెంచమ్మ తన కొడుకు ముఖేష్‌కు ఫోన్ చేసి ఒడ్డుకు వచ్చెయ్యమంటుంది. వాళ్ల ఫైబర్ పడవ సిగ్నల్ అందే దూరంలోనే వేట చేస్తుంది. ముఖేష్ తల్లి మాట జవదాటడు. వల సగంలో ఉన్నా లాగేసి పడవ తిప్పేస్తాడు. రేవులో చూస్తే చినుకు లేదు, గాలి లేదు, ఎండ పెళపెళలాడుతుంటుంది. అమ్మకూచి వచ్చినాడని జనం నవ్వుతారు.

పడవలో భాగస్థుడు చిన్నపోలయ్య మాత్రం నవ్వలేదు. మీ అత్త ఇంకొక్కసారి పిలిచిందంటే నీ మొగుణ్ణి దించేసి వేరే మనిషిని ఎక్కించుకుంటానని మొన్న మొహం మీదే చెప్పాడు. ముఖేష్‌కు పుట్టి బుద్ధెరిగాక వేట తప్ప మరో పని తెలియదు. ఆ రాత్రి రోజారమణికి నిద్ర పట్టలేదు.

అందుకే ఈ సెట్టు. చెవికి ఇంపైన పాటలు దొరికితే అత్త మనసు వాటి మీదికి మళ్లుతుంది, ఫోను సంగతి మరిచిపోతుంది. ఇదంతా ఆమె దాచకుండా చెప్పేసింది. సమాధానం తల్లిని పోగొట్టుకుని ఇంకా ఏడాది కాలేదు. ఇక పనిలోకి దిగాడు.

కంత కోశాడు. అంచులు గరుకు కాగితంతో రుద్దాడు. ప్లాస్టిక్ చట్రాన్ని వేడిచేసి డ్యాష్‌బోర్డు వంపుకు తగ్గట్టు వంచాడు. మూడుసార్లు పెట్టి మూడుసార్లూ నచ్చక తీశాడు. నాలుగోసారి బొటనవేలి గోరు అంచు వెంట నడిపి చూసుకున్నాడు. ఎక్కడా దిగలేదు. కారు చేసినవాడొచ్చి చూసినా పోల్చుకోలేడని మురిసిపోయాడు.

"గరగర రాదు గదన్నా?" అని అడిగింది రోజారమణి.

"రమ్మన్నా రాదు. స్టేషన్ లేనికాడ దానంతటదే నోరు మూసుకుంటది."

పాత రేడియో తీసుకుపోతావా అంటే, ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పి కారు ఎక్కింది.

రేవు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముఖేష్ వాళ్లు తెల్లారే వేటకు పోయారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. చెంచమ్మ ఎప్పటిలాగే వచ్చి ముందు సీట్లో కూర్చుని, కొత్త సెట్టును చూసి, దాని అంచుల మీద వేళ్లు పెట్టి తడిమింది. రోజారమణి ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది.

"బాగా కుదిరిందే. మీ మామ ఉంటే సంబరపడేవాడు," అంది చెంచమ్మ.

పాట పెట్టింది రోజారమణి. నాలుగో పాటకు అత్త కూనిరాగం అందుకుంది. కాపురానికొచ్చాక ఆ గొంతులో పాట వినడం కోడలికి అదే మొదలు. ఇంత చిన్న పని ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదా అని తనను తాను తిట్టుకుంది, కళ్లు తుడుచుకుంది. గంట గడిచింది. అత్త రొంటినున్న ఫోను బయటికి రాలేదు. ఇవాళ ముఖేష్ వల నిండేదాకా ఉండి వస్తాడు, చిన్నపోలయ్య నోరు మూతపడుతుంది అనుకుంది.

అప్పుడు చెంచమ్మ మీట తిప్పింది. పాటలు దాటించి, మాటలు దాటించి, ఏమీ రాని చోట ఆపింది. సెట్టు చప్పుడు చెయ్యలేదు. సౌండు పెంచి, చెవి దగ్గరగా పెట్టి వింది. ఇంకా పెంచింది. మొహంలో కొంచెం కొంచెంగా కంగారు మొదలైంది.

"ఏం కావాలత్తా?" అని అడిగింది రోజారమణి.

చెంచమ్మ తలెత్తి పడవలు పోయిన వైపు చూసింది.

"సముద్రం మీద పిడుగులు పడే చిటపట దీంట్లో యాడ వినపడతాది, రోజా?"