రెండంగుళాల మడత

"లోపల గుడ్డ వదలొద్దండీ. కొలతకి సరిగ్గా కుట్టేయండి" అంది తల్లి.

బెల్టులాయన తలెత్తి చూశాడు.

చక్రాల కుర్చీలకు మెత్తలు, కూర్చున్నవాళ్ళు పక్కకి ఒరిగిపోకుండా బెల్టులు కుట్టడం ఆయన పని. ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. మూడంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు.

"పిల్ల పెరుగుతుంది కదమ్మా. రెండంగుళాలు మడిచి కుడితే, బిగుతైనప్పుడు విప్పుకోవచ్చు."

"పెరగదు."

కుర్చీలో ఉన్న పాపకి ఏడేళ్ళు. మెడ నిలవదు. మాట రాదు. మింగడం కూడా కష్టమే.

నవ్వు మాత్రం వస్తుంది. స్టీలు టేపు చటుక్కున డబ్బాలోకి పోయిన ప్రతిసారీ కిచకిచమని నవ్వుతోంది. ఆ నవ్వుకే నాన్న ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టుకున్నాడు.

కొలతలు అయిపోయినా, బెల్టులాయన టేపు మరో రెండుసార్లు లాగి వదిలాడు.

"పెరగదంటే ఏంటమ్మా?"

తల్లికి చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. అత్తగారికి చెప్పింది. ఆడపడుచుకి చెప్పింది. ఆస్పత్రి కమిటీలో బల్ల చుట్టూ కూర్చుని ఒకటే ప్రశ్నలు వేసిన ఆరుగురు పెద్దమనుషులకి చెప్పింది. ఇప్పుడు బెల్టులు కుట్టేవాడికి కూడానా!

"మందులిస్తారు. ఎదుగుదల దాదాపు ఇక్కడితో ఆగిపోతుంది. సోమవారం ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. ఇంతే ఉంటే ఎప్పటికీ మేమే ఎత్తుకోగలం. లిఫ్టు లేని ఇల్లు. స్నానానికి, మంచానికి, మెట్లకి, అన్నింటికీ ఈ రెండు చేతులే. ప్రేమ లేక కాదండీ, నడుం లేక."

ఆయన టేపు చేతిలో తిప్పాడు.

"మీకూ కొలత తీయాలమ్మా."

"నాకెందుకు?"

"ఎత్తేవాళ్ళ కొలత కూడా కావాలి."

భుజం నుంచి నడుం దాకా, అటు భుజం నుంచి ఇటు భుజం దాకా కొలిచి చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సంతకం సోమవారమేనా? ఓ వారం ఆగకూడదూ?"

తల్లికి ఒళ్ళు మండింది.

"ఎందుకు ఆగాలి?"

"ఊరికే అడిగానమ్మా."

"ఊరికే ఎవరూ అడగరు. ఒక్కరోజు ఎత్తి చూడండి, మీకే తెలుస్తుంది."

"నిజమేనమ్మా" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం భర్త ఇంటికి రాగానే చెప్పింది.

"బెల్టుల షాపుకి ఫోన్ చేశానండీ. ఆయన్ని మళ్ళీ మనింటికి పంపొద్దన్నాను."

"ఏమన్నాడేంటి?"

"ఏమీ అనలేదు."

"అనకపోతే ఫిర్యాదెందుకు?"

"అనుంటే జవాబు చెప్పేదాన్ని."

ఆయన చెప్పులు విడిచి పిచ్చుక పక్కన కూలబడ్డాడు.

"నీకేమైనా అనుమానంగా ఉందా?"

"రోజూ ఉంటుంది. అనుమానాన్ని పెట్టుకుని పిల్లని మేడెక్కించలేంగా."

సోమవారం డాక్టరు అంతా మరోసారి చెప్పాడు. ముందు తండ్రి సంతకం పెట్టాడు, తర్వాత తల్లి. మొదటి ఇంజక్షన్‌కి పిచ్చుక గుక్కపట్టి ఏడ్చి, ఆటోలో నిద్రపోయింది.

తల్లి పిల్లని ఎత్తుకుని, అంతస్తుకి రెండుసార్లు ఆగుతూ పైకొచ్చింది. తండ్రి చక్రాల కుర్చీ మోసుకుంటూ వెనకే వచ్చాడు.

ఆ బెల్టుల షాపులో మిషను కుట్టే ఆవిడ, సంచీతో గుమ్మం ముందు కాచుకుని ఉంది.

పిల్లని పడుకోబెట్టి, తల్లి సంచీలోంచి బెల్టు తీసింది. లోపలివైపు వేలు పెట్టి తడిమింది. రెండంగుళాల మడత.

"వద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను! ఎంత మొండి మనిషండీ!"

సంచీలో ఇంకేదో ఉంది. వెడల్పాటి పట్టీలున్న మందపాటి గుడ్డ జోలె.

"ఇది మేం చెప్పలేదే?"

"ఆయనే కుట్టాడమ్మా. పట్టీలు రెండు భుజాలకీ తగిలించుకోండి. ఇది నడుం చుట్టూ బిగించండి. ఇప్పుడు పాపని ఎత్తండి."

తల్లి ఎత్తింది.

బరువంతా భుజాల మీదికి, తుంటి మీదికి దిగింది. నడుం కిక్కురుమనలేదు. పైగా ఒక చెయ్యి ఖాళీగా మిగిలింది. ఆ చేత్తో ఏం చెయ్యాలో ఆమెకి కాసేపు తోచలేదు. తర్వాత పిచ్చుక నుదుటి మీది జుట్టు వెనక్కి దువ్వింది.

"ఎంత బరువు ఆపుతుందిది?" అడిగాడు తండ్రి.

"ఎంతైనా ఆపుతుంది బాబూ. నన్నే అందులో కూర్చోబెట్టి ఎత్తి చూశాడు."

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

"ఆయన్ని ఒక్కసారి రమ్మనండి" అంది తల్లి.

"షాపులో లేడమ్మా. మీరు ఫోన్ చేసిన రోజే ఓనరు మానిపించేశాడు. ఇవి ఇంట్లో కూర్చుని కుట్టాడు. ఈ పొద్దున నా చేతికిచ్చి, సంతకానికి ముందే అందాలన్నాడు. నేనొచ్చేసరికే మీ తలుపుకి తాళం ఉంది."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇవన్నీ ఆయనకెలా తెలుసు?"

"మీకు చెప్పలేదా? ఆయన కొడుకూ ఇలాగే. పెరగకుండా మందులు కూడా ఇప్పించాడు."

"మరి... తప్పు చేశాననుకుంటున్నాడా?"

"అదెప్పుడూ నోరు విప్పి చెప్పడమ్మా. ఆ అబ్బాయికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు. బెల్టు అరిగినప్పుడల్లా అప్పటి కొలతకే మళ్ళీ కుడతాడు, కుట్టిన ప్రతిసారీ లోపల రెండంగుళాలు వదులుతాడు."