తడవని టేపు

మొగుడంపల్లి దగ్గర నాగమ్మ బావి మీద మోటారు ఆపేసరికి చీకటి పడింది. ఇక నీళ్లు ఎంత వేగంగా ఊరుతాయో రాత్రంతా కొలవాలి. భూగర్భజలాలను అంచనా కట్టడం ఇంద్రసేన ఉద్యోగం. అతను బావిలోకి టేపు వదిలితే, దాని కొస నీటికి తగలగానే చేతిలోని పెట్టె కూస్తుంది.

"లోతుకు పోతే మస్తు నీళ్లున్నయని ఆరేండ్ల కింద ఎవరో సారు రాసిచ్చిండు," అంది గట్టు మీద కూర్చున్న నాగమ్మ. "ఆ కాగితం నమ్మి మా ఆయన ఈ బావినే ఇంకా లోతు తవ్వుతుంటే మట్టి కూలింది. మనిషిని తియ్యనే లేదు. ఆ సారు ఇటు దిక్కు గూడ రాలేదంట. మీరన్నా వచ్చిన్రు."

ఇంద్రసేన తల ఎత్తలేదు. జహీరాబాద్‌లో కూర్చుని, పక్క ఊరి లెక్క చూసి ఆ కాగితం రాసింది అతనే.

పెట్టె పద్దెనిమిది మీటర్ల దగ్గర కూసింది. పావుగంట తర్వాత పదకొండు దగ్గరే కూసింది. ఇంత తొందరగా ఏ బావీ ఊరదు. టేపు పైకి లాగి కొస తడిమి చూశాడు. పొడిగా ఉంది. వేళ్లకు మట్టి అంటింది.

మళ్లీ వదిలాడు. నాలుగు మీటర్లకే కూసింది. ఈసారి టేపు పైకి రాలేదు. కింద ఎవరో పట్టుకున్నట్టు బిగిసింది.

"ఫికర్ చెయ్యకున్రి సారూ," అంది నాగమ్మ నెమ్మదిగా. "కొలవనీకె వచ్చినోళ్లందరిని మా ఆయన గట్లనే పట్టుకుంటడు. రాసింది నేను గాదని చెప్పున్రి, ఇడిచిపెడతడు."

"నేను కాదు," అన్నాడు ఇంద్రసేన.

టేపు వదులైంది. బావి లోపల మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.

నాగమ్మ లేచి నిలబడింది. "ఎన్నడు గిట్ల మీదికి రాలే," అంది.