డెబ్బై రెండు గంటలు

"సిస్టమ్ తీసుకోలేదంటే మీ ఆవుకి టీబీ టెస్టు జరగనట్టే లా," అన్నాడు చక్రధర్, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

కౌంటరుకి ఇవతల నిలబడ్డ భద్రయ్యకి ఒళ్ళు మండింది. ఆయన ముప్ఫై ఏళ్ళుగా సింగపూర్‌లో పాడి ఫారం నడుపుతున్న మనిషి. చెవి పట్టుకుని చూసి ఆవుకి జ్వరం ఉందో లేదో చెప్పగలడు. అలాంటివాడికి పాఠం చెబుతున్నది పశువుల ఆఫీసులో కంప్యూటర్ల పనికని మొన్నమొన్న హైదరాబాద్ నుంచి దిగిన కుర్రాడు. ఏడాది తిరక్కుండానే ఇక్కడివాళ్ళ లాగే మాట చివర 'లా' తగిలించడం నేర్చేశాడు. ఆవుని మాత్రం పాల ప్యాకెట్ మీద తప్ప చూసి ఉండడు.

"జరిగింది బాబూ. సోమవారం పొద్దున్న పదింటికి డాక్టరమ్మ వచ్చి నాగావళికి మెడ మీద సూది వేసింది. నిన్న గురువారం పదింటికి మళ్ళీ వచ్చి తడిమి చూసింది. వాపు లేదు, గడ్డ లేదు. ఏ జబ్బూ లేదని సంతకం పెట్టింది. ఇదిగో."

చక్రధర్ ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి నెట్టాడు. "కాగితాలు పోయినేడే ఎత్తేశాం. సూది వేసిన డెబ్బై రెండు గంటలకి రిజల్టు సిస్టమ్‌లో పడాలి. గంట అటూ ఇటూ అయితే ఒప్పుకుంటుంది. మీది డెబ్బై నాలుగో గంటలో పడింది."

"పదింటికి మీ సిస్టమ్ తెరుచుకుంటే కదా. డాక్టరమ్మ నా పాకలోనే కూర్చుని పన్నెండింటి దాకా దాంతో కుస్తీ పట్టింది."

"అవును. అప్‌గ్రేడ్ ఉందని నేనే ఆపాను."

"మీరే ఆపి, ఆలస్యమైందని మీరే అంటే ఎలా బాబూ?"

"ఎందుకు ఆలస్యమైందో రాయడానికి అందులో గడి లేదండీ." ఆ గడి లేకపోవడం తన ఘనతే అన్నట్టు నవ్వాడు. "అరవై రోజులాగి మళ్ళీ టెస్టు చేయించుకోండి. అందాకా ఆ ఆవు ఫారం గేటు దాటడానికి లేదు."

ఎల్లుండి ఆదివారం తెల్లవారుజామున నాగావళి ఒక గృహప్రవేశానికి వెళ్ళాలి. ఆ రోజుల్లో ఐటీ ఉద్యోగాలకి వచ్చిన తెలుగువాళ్ళంతా ఫ్లాట్లు కొంటున్నారు. కొన్నవాళ్ళందరికీ ముందు ఆవు కావాలి. బ్లాకు కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో, సిమెంటు నేల మీద, అంతమంది జనం మధ్య బెదరకుండా నిలబడే ఆవు భద్రయ్య మందలో నాగావళి ఒక్కటే.

మహతి అనే అమ్మాయి మూడు నెలల కిందటే ఫారానికి వచ్చి అడిగింది. "అంకుల్, మావారికి ఆఫీసు తప్ప ఇంకేదీ పట్టదు. అన్నీ నేనే చూసుకోవాలి. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు. గోపూజ జరక్కపోతే ఆవిడ లిఫ్టు కూడా ఎక్కనంటున్నారు. ఆవుని తెస్తానని మీరు మాటివ్వాలి." భద్రయ్య మాటిచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ముహూర్తం కూడా తప్పలేదు.

అందుకే మింగలేక మింగి బతిమాలాడు. "ఆదివారం ఒక గృహప్రవేశం ఉంది బాబూ. తెలుగమ్మాయే. వాళ్ళ అత్తగారు పెద్దావిడ, పాపం—"

"ఈ ఆదివారం ఊళ్ళో సగం మందికి గృహప్రవేశాలే," చక్రధర్ మధ్యలోనే కొట్టిపారేశాడు. "ఎవరమ్మాయో, ఎవరత్తగారో నాకెందుకండీ?"

"ఒక్కసారి మీ పైవాళ్ళనైనా అడిగి చూడండి."

"అంత తొందరగా ఉంటే ఓ ప్లాస్టిక్ ఆవుని కొనిచ్చి పంపండి. దానికి టీబీ రాదు, టెస్టూ అక్కర్లేదు." పక్క సీటువాడికి కూడా వినపడేలా నవ్వి, తరవాతి టోకెన్ నొక్కాడు.

భద్రయ్య అతని మెడలో వేలాడుతున్న కార్డు మీద పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుని బయటికొచ్చాడు. బస్సులో దారిపొడుగునా అతన్ని తిట్టుకున్నాడు. పేడ వాసనకి ముక్కు మూసుకునే వెధవాయి ఆవులకి గేట్లు వేస్తున్నాడు. పన్నెండు లీటర్ల పాలిచ్చే గొడ్డు కంటికి కనపడదు, రెండు గంటల ఆలస్యం మాత్రం కనపడుతుంది.

టోవా పాయోలో బస్సు మారుతుంటే ఒక బొమ్మల కొట్టు కనిపించింది. భద్రయ్య కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళి, తెల్లటి ప్లాస్టిక్ ఆవుని కొన్నాడు. మాట తప్పిన సంగతి ఫోన్లో చెప్పి ఊరుకునే అలవాటు ఆయనకి లేదు. ముఖం చూపించి చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ మాటన్నవాడి పేరు కూడా చెప్పాలి. ఆ అత్తగారి నోట నాలుగు అక్షింతలు వాడికీ పడాలి.

ఆదివారం తెల్లవారకముందే పుంగ్గోల్‌లో మహతి వాళ్ళ బ్లాకుకి చేరాడు. వాయిడ్ డెక్‌లో ముగ్గు వేశారు. ఆవు నిలబడే చోట పచ్చగడ్డి పరిచారు. రాతి బెంచీ మీద అత్తగారు పసుపు కుంకుమల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అవతల స్తంభం దగ్గర పట్టుపంచె కట్టుకున్నతను, మహతి భర్త కాబోలు, ఇటు వీపు పెట్టి సెల్‌ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆవేదీ అంకుల్?" మహతి ఎదురొచ్చింది.

భద్రయ్య సిగ్గుతో తలొంచుకుని సంచీలోంచి ప్లాస్టిక్ ఆవుని తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నన్ను క్షమించమ్మా. నాగావళికి ఏ రోగమూ లేదు. పశువుల ఆఫీసులో ఒకడు దాన్ని గేటు దాటనివ్వలేదు. నీ పేరు చెప్పబోతే ఎవరైతే నాకెందుకన్నాడు. ఇది కొనిచ్చి పంపమన్నాడు."

అత్తగారు పళ్ళెం పక్కన పెట్టి లేచారు. "ఎవడయ్యా ఆ పాపిష్టివాడు? పేరుందా వాడికి?"

"ఉందమ్మా. చక్రధర్. అక్కడ కంప్యూటర్లు చూస్తాడు."

మహతి స్తంభం వైపు తిరిగి, "ఏవండీ" అని పిలిచింది.