మునిగే కొస

“సాల్మన్‌కు అనుమానం రావద్దు సార్. వచ్చిందంటె మొత్తం ఖరాబైతది.”

వంటింట్లో వంకాయలు తరుగుతున్న మేబెల్ చెయ్యి ఆగిపోయింది. ముందుగదిలో ఫోన్ మాట్లాడుతున్నది, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఆమె భర్త జ్ఞానశేఖర్. సాల్మన్ ఆమె సొంత తమ్ముడు.

“సీసం లోపల దాచిన. పైకి మామూలు తాడు లెక్కనే కనిపిస్తది. నీళ్ళల్ల పడంగనే సీదా అడుక్కు పోవుడే. ఆదివారం లోపల పని అయిపోతది సార్.”

ఓరి దేవుడా! ఆదివారమంటే చర్చి అయ్యాక సాల్మన్ భోజనానికి వచ్చేది ఈ ఇంటికే. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క వారం తప్పితే ఒట్టు.

పది రోజులుగా మొగుడి వాలకం ఆమెకు అంతుపట్టడం లేదు. రైల్వే వర్క్‌షాపు నుంచి రావడం, పెరట్లో రేకుల గదిలో దూరి తలుపేసుకోవడం. కంచం ముందు కూర్చున్నా పలుకూ లేదు, ఉలుకూ లేదు. మొన్న తొంగిచూస్తే నీళ్ళ హౌజులోకి ఒక తాడు వదిలి, చేతి గడియారం చూసుకుంటూ “ఒకటి, రెండు, మూడు” అంటున్నాడు. నిన్న సన్న తీగ దూర్చడానికి కూతురు డోరాను పిలిచి, ఆ పిల్ల చేతులు చూసి నవ్వాడు.

“గీ పొడుగు వేళ్ళు నావి కావు, మీ అమ్మవి సుత కావు. ఎవరియే బిడ్డా?”

ఆ మాట వినగానే మేబెల్ ఏదో పని చెప్పి డోరాను లోపలికి పిలిచేసింది. ఇప్పుడీ ఫోను!

కత్తిపీట అక్కడే వదిలేసి, కాళ్ళకు దొరికిన చెప్పులు తగిలించుకుని ఆటో ఎక్కింది. రెజిమెంటల్ బజార్ సందులో సాల్మన్ అద్దె గది. దవాఖానలో వార్డ్‌బాయ్, రాత్రి డ్యూటీ చేసొచ్చి ఆదమరిచి నిద్రపోతున్నాడు. తట్టి లేపింది.

“ఒరే, మీ బావ నిన్ను నీళ్ళలో ముంచేస్తార్రా! సీసం నింపిన తాడు తయారు చేస్తున్నారు. నా చెవులతో విన్నాను. ఆదివారం లోపలంట!”

సాల్మన్ లేచి కూర్చున్నాడు. నవ్వలేదు. ‘పిచ్చా నీకు?’ అనలేదు.

“డోరా ఏదక్కా?”

“కాలేజీ నుంచి వచ్చే వేళయింది.”

ఇంకో మాట లేకుండా గోడకున్న చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు. స్టేషన్ ఎంత దూరం, నాలుగడుగులు. మధ్యాహ్నం బెజవాడ బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, కళ్ళు తుడుచుకుని మేబెల్ ఇల్లు చేరింది. ఇక తాడోపేడో తేల్చుకోవాలి.

పెరట్లో జ్ఞానశేఖర్, డోరా హౌజు పక్కన కూర్చుని ఉన్నారు. అతని చేతిలోంచి తాడు లాగేసుకుంది.

“నా తమ్ముడు మీకేం ద్రోహం చేశాడండీ? సాల్మన్‌కు అనుమానం రావద్దన్నారుగా ఫోన్లో!”

జ్ఞానశేఖర్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నవ్వాడు చూడండి, హౌజు గట్టు పట్టుకోకపోతే అందులోనే పడేవాడు.

“అమ్మా, సాల్మన్ అంటే చేపమ్మా!” డోరా కూడా పొట్ట పట్టుకుంది. “చలిదేశాల నదుల్లో ఉంటది.”

“కార్ఖానా బస్తీల ఉండే మేజర్ సాబ్ లేడా, ఫోన్ల మాట్లాడింది గాయనతోనే!” అన్నాడు జ్ఞానశేఖర్ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. “స్కాట్లాండ్ పోతున్నడు, గా చేపలు పట్టనీకి. వాళ్ళ లైన్, అంటె గాలం తాడు, నీళ్ళ మీద తేల్తది. చేపేమో అడుగున ఉంటది. అందుకే సీసం నింపిన కొస ఒకటి చేసి లైన్‌కు తగిలిస్తె, ఎరను అడుక్కు తీస్కపోతది. ఇక్కడి దుకాణాలల్ల దొరకదు, ఇంట్ల చేసుకునుడే. తాడు మోటుగుంటె చేపకు అనుమానమొచ్చి ఎర ముట్టదు. ఎంత జల్దీ మునుగుతదో లెక్క కుదరక పది రోజుల సంది పరేషాన్ అయితున్న!”

మేజర్ ఇచ్చిన కాగితం చూపించాడు. నిజమే, పైన చేప బొమ్మ.

“సాల్మన్‌ను పిలువు, ఆయన సుత నవ్వుతడు.”

“వాడు... బెజవాడ బండెక్కి వెళ్ళిపోయాడు.”

“ఏందీ! నువ్వు చెప్పంగనే ఉరికిండా? బావ నన్నెందుకు చంపుతడని అడగలే?”

“అడగలేదు.”

జ్ఞానశేఖర్ నవ్వు కొంచెం తగ్గింది. “గదేంది మేబెల్? నా బిడ్డ పుట్టినప్పుడు నేను డ్యూటీ మీద బల్లార్షాల ఉంటి. ఆయన పనిచేసే దవాఖానలనే కాన్పు, అన్నీ చూసుకున్నది ఆయనే. ఇంటికొచ్చేసరికి బిడ్డను తెచ్చి నా చేతుల పెట్టె. అసుంటోన్ని నేను ముంచుతనా? ఆయన భయపడుడు పక్కకు పెట్టు. నువ్వెట్ల నమ్మినవ్?”

మేబెల్ లాక్కున్న తాడును డోరా చేతిలో పెట్టేసింది. డోరా ఇంకా నవ్వుతూనే, పొడుగాటి వేళ్ళతో తాడు కొసను నీళ్ళలోకి వదిలింది. అది చప్పుడు లేకుండా అడుక్కి పోయింది. జ్ఞానశేఖర్ మాత్రం గడియారం చూడ్డం లేదు, భార్య ముఖమే చూస్తున్నాడు.

డోరా, మేబెల్ కన్నబిడ్డ దక్కకపోతే ఆ దవాఖానలో సాల్మన్ దొంగిలించి అక్కకు తెచ్చిచ్చిన బిడ్డ.